టీమ్ గెలిస్తే ఫ్యాన్స్ తల పట్టుకున్నారు! ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్ లెక్కేంటి? సీజన్ ముందు అంచనాలు ఎందుకు తారుమారవుతాయి?

అది 2020 డిసెంబర్ 20. అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో న్యూయార్క్ జెట్స్ అప్పటికి వరుసగా 13 మ్యాచ్‌లు ఓడిపోయింది. ఆ రోజు లాస్ ఏంజెలెస్ రామ్స్ మీద 23-20 తేడాతో గెలిచింది. సీజన్‌లో అదే తొలి విజయం. మామూలుగా అయితే సంబరాలు చేసుకోవాలి. కానీ జెట్స్ ఫ్యాన్స్‌లో చాలామంది తలలు పట్టుకున్నారు. "ఇప్పుడెందుకు గెలిచార్రా బాబూ" అన్నట్టు తయారైంది వాళ్ల పరిస్థితి.

కారణం ఒక్కటే. లీగ్‌లో అట్టడుగున నిలిచిన టీమ్‌కి, తర్వాతి ఏడాది కొత్త ఆటగాళ్లని ఎంచుకునే డ్రాఫ్ట్‌లో మొదటి అవకాశం దక్కుతుంది. ఆ ఏడాది అందరి కళ్లూ కాలేజీ స్టార్ ట్రెవర్ లారెన్స్ మీదే. జెట్స్ గెలవడంతో ఆ మొదటి స్థానం జాక్సన్‌విల్ జాగ్వార్స్ చేతికి వెళ్లింది. లారెన్స్ కూడా అటే వెళ్లిపోయాడు. జెట్స్ రెండో పిక్‌తో జాక్ విల్సన్ అనే కుర్రాడిని తీసుకుంది. మూడు సీజన్లు ఆడించి, ఫలితం లేక 2024 ఏప్రిల్‌లో వేరే టీమ్‌కి పంపేసింది.

ఓడితే లాభం, గెలిస్తే నష్టం! ఇదేం ఆటరా బాబూ అనిపిస్తోందా? అసలు ఈ డ్రాఫ్ట్ ఏంటి, ఫ్యాన్స్ ఏడాదంతా దీని గురించే ఎందుకు వాదించుకుంటారు, వాళ్ల అంచనాల్లో ఎంత నిజం ఉంటుంది... ఒక్కొక్కటిగా చూద్దాం.

మనకెందుకు ఈ గోల?

న్యూజెర్సీ ఎడిసన్‌లోనో, డాలస్ పక్కన ఫ్రిస్కోలోనో, కాలిఫోర్నియా శాంటాక్లారాలోనో మీ అన్నయ్యో, వదినో, ఫ్రెండో ఉండే ఉంటారు. జెట్స్ ఆడే స్టేడియం న్యూజెర్సీలోనే ఉంది. డాలస్ కౌబాయ్స్ హెడ్ క్వార్టర్స్ ఫ్రిస్కోలో ఉంది. శాన్‌ఫ్రాన్సిస్కో ఫోర్టీనైనర్స్ హోమ్ గ్రౌండ్ శాంటాక్లారాలో ఉంది. అంటే మనవాళ్లు ఎక్కువగా ఉండే ఊళ్లే ఈ టీమ్‌ల అడ్డాలు. అక్కడ పుట్టి పెరిగిన మన పిల్లలకి ఐపీఎల్ ఎంత తెలుసో, ఎన్‌ఎఫ్‌ఎల్ అంతకంటే ఎక్కువే తెలుసు. ఏప్రిల్ నెలాఖరులో వాళ్లతో వీడియో కాల్ మాట్లాడితే డ్రాఫ్ట్ మాట రాకుండా ఉండదు.

ఇక్కడ ఫుట్‌బాల్ అంటే మనం అనుకునే కాలితో తన్నే ఆట కాదు. రెండు కొసలూ మొనదేలిన బంతిని చేత్తో విసురుతూ, పట్టుకుని పరిగెడుతూ, అడ్డొచ్చినవాళ్లని తోసుకుంటూ ముందుకెళ్లే ఆట. బంతిని ఎవరికి విసరాలి, ఎప్పుడు విసరాలి అని క్షణాల్లో తేల్చుకునేవాడే క్వార్టర్‌బ్యాక్. టీమ్ మొత్తం అతని చుట్టూ తిరుగుతుంది. అందుకే డ్రాఫ్ట్ చర్చల్లో సగం క్వార్టర్‌బ్యాక్ గురించే ఉంటాయి.

వేలం కాదు, వంతు

ఐపీఎల్ వేలం మనకి తెలిసిందే. పర్సులో డబ్బులుండి చెయ్యెత్తితే ఆటగాడు మీవాడే. డ్రాఫ్ట్‌లో పాటలు ఉండవు. వంతు ఉంటుంది. మీ వంతు వచ్చినప్పుడు, మిగిలినవాళ్లలో ఎవరు కావాలో చెప్పాలి. అంతే. మన దగ్గర ఇండియన్ సూపర్ లీగ్ 2014లో మొదలైనప్పుడు కూడా మన దేశీ ఆటగాళ్లని ఇలా డ్రాఫ్ట్ పద్ధతిలోనే పంచారు.

ఎన్‌ఎఫ్‌ఎల్‌లో 32 టీమ్‌లు. డ్రాఫ్ట్‌లో 7 రౌండ్లు. మూడు రోజులు జరుగుతుంది. గురువారం మొదటి రౌండ్, శుక్రవారం రెండు, మూడు రౌండ్లు, శనివారం మిగతావి. ఫ్రీ ఏజెంట్లుగా వెళ్లిపోయిన ఆటగాళ్లకి పరిహారంగా కొన్ని టీమ్‌లకి అదనపు పిక్‌లు కూడా ఇస్తారు. అలా మొత్తం 250 దాటుతుంది. అమెరికా తూర్పు తీరంలో గురువారం రాత్రి 8 గంటలకి మొదలైతే, మనకి శుక్రవారం తెల్లవారుజామున 5:30.

ఎవరికి ఏ నంబర్ అన్నది ఇలా తేలుతుంది:

- ప్లేఆఫ్స్‌కి వెళ్లని 18 టీమ్‌లు ముందు. వాటిలో కూడా అందరికంటే చెత్త రికార్డ్ ఉన్న టీమ్‌కి 1వ పిక్.
- రెండు టీమ్‌ల రికార్డ్ సమానమైతే, తేలికైన ప్రత్యర్థులతో ఆడిన టీమ్‌కి ముందు పిక్. వాళ్లతో కూడా గెలవలేదంటే ఇంకా బలహీనం అని లెక్క. 2020లో రామ్స్ మీద గెలిచిన రోజున జెట్స్ వెనకబడింది ఇక్కడే.
- తర్వాత ప్లేఆఫ్స్‌కి వెళ్లిన 14 టీమ్‌లు. సూపర్ బౌల్ గెలిచిన చాంపియన్‌ది ఆఖరి వంతు, 32.

హైస్కూల్ దాటి కనీసం మూడేళ్లు అయినవాళ్లకే డ్రాఫ్ట్‌లో అవకాశం. అందుకే దాదాపు అందరూ కాలేజీ ఫుట్‌బాల్ నుంచే వస్తారు.

ఈ ఐడియా ఎవరిది?

1930ల్లో ఏ కాలేజీ స్టార్ అయినా తనకి నచ్చిన టీమ్‌తో సంతకం చేసుకోవచ్చు. దాంతో డబ్బున్న టీమ్‌లే మంచి ఆటగాళ్లని ఎగరేసుకుపోయేవి. ఫిలడెల్ఫియా ఈగల్స్ ఓనర్ బెర్ట్ బెల్‌కి ఇది మింగుడుపడలేదు. బలహీన టీమ్‌కే ముందు అవకాశం ఇద్దామని 1935లో ప్రతిపాదించాడు. 1936 ఫిబ్రవరిలో ఫిలడెల్ఫియాలోని ఓ హోటల్లో మొదటి డ్రాఫ్ట్ జరిగింది.

అసలు ట్విస్ట్ ఏంటంటే, చరిత్రలో మొట్టమొదటి పిక్‌గా ఎంపికైన జే బెర్వాంగర్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు! జీతం దగ్గర తేడా వచ్చి, ఆట పక్కనపెట్టి ఉద్యోగంలో చేరిపోయాడు. అంటే మొదటి నంబర్ పిక్ చేతికొచ్చినంత మాత్రాన పని అయిపోదని డ్రాఫ్ట్ తొలి ఏడాదే చెప్పేసింది. 90 ఏళ్లుగా ఫ్యాన్స్ మాత్రం ఆ మాట మర్చిపోతూనే ఉన్నారు.

ఆలు లేదు, చూలు లేదు...

ఫ్యాన్స్ చర్చలు జనవరిలోనే మొదలవుతాయి. టీమ్ సీజన్ ముగియడం ఆలస్యం, మాక్ డ్రాఫ్ట్‌లు దిగిపోతాయి. అంటే ఏ టీమ్ ఎవరిని తీసుకుంటుందో ముందే ఊహించి రాసే లిస్టులు. నిపుణులు రాస్తారు, ఫ్యాన్స్ కూడా రాస్తారు. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, ఇంకా టీమ్‌లోకి రాని కుర్రాడి పేరుతో వచ్చే సీజన్ ట్రోఫీ కూడా గెలిచేస్తారు.

ఈ చర్చలకి పెద్ద ముడిసరుకు కంబైన్. ఏటా ఇండియానాపోలిస్‌లో డ్రాఫ్ట్‌కి ముందు జరిగే పరీక్షలివి. ఎత్తు, బరువు, ఎంత ఎత్తుకి ఎగురుతాడు, 40 గజాలు ఎన్ని సెకన్లలో పరిగెడతాడు... అన్నీ కొలుస్తారు. 2017లో జాన్ రాస్ 4.22 సెకన్లలో పరిగెత్తి అప్పటి రికార్డ్ బద్దలు కొట్టాడు. సిన్సినాటి బెంగాల్స్ అతన్ని ఏకంగా 9వ పిక్‌తో తీసుకుంది. కానీ గాయాలు, ఫామ్ దెబ్బకొట్టాయి. ఆ వేగం మ్యాచ్‌ల్లో పెద్దగా పనికిరాలేదు. 2024లో జేవియర్ వర్తీ 4.21 సెకన్లతో ఆ రికార్డునీ దాటేశాడు. అతన్ని మాత్రం కాన్సస్ సిటీ చీఫ్స్ 28వ పిక్‌తో తీసుకుంది. స్టాప్‌వాచ్ చెప్పేది కాళ్ల సంగతే. ఎదురుగా 11 మంది మీదకి వస్తున్నప్పుడు బుర్ర ఎలా పనిచేస్తుందో అది చెప్పదు.

మాక్ డ్రాఫ్ట్‌లు ఎంతలా బోల్తా కొడతాయో 2025లో అందరూ చూశారు. షెడూర్ సాండర్స్ పేరు చాలా లిస్టుల్లో మొదటి రౌండ్‌లోనే కనిపించింది. తీరా చూస్తే మొదటి రోజు పేరు రాలేదు, రెండో రోజూ రాలేదు. మూడో రోజు ఐదో రౌండ్‌లో, 144వ పిక్‌గా క్లీవ్‌లాండ్ బ్రౌన్స్ తీసుకుంది.

మరి టీమ్‌ల స్కౌట్లకైనా కచ్చితంగా తెలుస్తుందా? అంటే, అదీ అంతంతమాత్రమే. తర్వాతి రోజుల్లో నోబెల్ అందుకున్న ఆర్థికవేత్త రిచర్డ్ థేలర్, కేడ్ మాసీతో కలిసి ఎన్నో ఏళ్ల డ్రాఫ్ట్‌లని తవ్వి చూశాడు. ఒక స్థానానికి టీమ్ ఎంచుకున్న ఆటగాడు, అదే స్థానానికి అతని తర్వాత ఎంపికైనవాడి కంటే మెరుగ్గా ఆడే అవకాశం ఎంతో తెలుసా? బొమ్మా బొరుసా వేయడం కంటే కాస్త మాత్రమే ఎక్కువ! అయినా టీమ్‌లు మాత్రం "మాకు బాగా తెలుసు" అన్న ధీమాతో పై పిక్‌ల కోసం అవసరానికి మించి చెల్లిస్తున్నాయని వాళ్లు తేల్చారు.

అసలు ఆట జీతాల దగ్గర

చాలామంది ఫ్యాన్స్ పట్టించుకోని పాయింట్ ఇది. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ప్రతి టీమ్ జీతాల ఖర్చుకీ ఒక పరిమితి ఉంటుంది. 2025లో అది 279.2 మిలియన్ డాలర్లు. ఎంత ధనిక ఓనర్ అయినా అందులోనే సర్దుకోవాలి. ఒక్కడికే ఎక్కువ ఇస్తే మిగతావాళ్లకి తగ్గించాల్సిందే.

2010లో మొదటి పిక్‌గా వచ్చిన శామ్ బ్రాడ్‌ఫర్డ్ ఆరేళ్లకి 78 మిలియన్ డాలర్ల కాంట్రాక్ట్ అందుకున్నాడు. అందులో 50 మిలియన్లు గ్యారెంటీ. అప్పటికి లీగ్‌లో ఒక్క బంతి కూడా ఆడలేదు. మరుసటి ఏడాది కొత్త వాళ్ల జీతాలకి కళ్లెం వేస్తూ రూల్ వచ్చింది. 2011లో అదే మొదటి పిక్‌గా, అదే క్వార్టర్‌బ్యాక్ స్థానానికి వచ్చిన కామ్ న్యూటన్‌కి నాలుగేళ్లకి దాదాపు 22 మిలియన్లే దక్కాయి.

ఈ రూల్‌తో ఆట మారిపోయింది. డ్రాఫ్ట్‌లో మంచి క్వార్టర్‌బ్యాక్ దొరికితే, టీమ్‌కి కొన్నేళ్లపాటు అతను చవగ్గా వచ్చినట్టే. ఆ మిగిలిన డబ్బుతో మిగతా స్థానాలు నింపుకోవచ్చు. అందుకే టీమ్‌లు క్వార్టర్‌బ్యాక్ కోసం అంతలా ఎగబడతాయి. ఎగబడే చోటే తప్పులూ జరుగుతాయి.

శాంటాక్లారా పాఠం

దీనికి ఫోర్టీనైనర్స్ కంటే మంచి ఉదాహరణ ఉండదు. 2021లో ఆ టీమ్ 12వ పిక్ నుంచి 3వ పిక్‌కి ఎగబాకాలనుకుంది. అందుకోసం తన 12వ పిక్‌తో పాటు 2022, 2023 మొదటి రౌండ్ పిక్‌లు, పైగా ఒక మూడో రౌండ్ పిక్ మయామీ డాల్ఫిన్స్‌కి రాసిచ్చేసింది. అన్నీ ధారపోసి తెచ్చుకున్న కుర్రాడు ట్రే లాన్స్. గాయం కూడా తోడవడంతో రెండు సీజన్లలో నాలుగు మ్యాచ్‌లే ఆరంభం నుంచి ఆడాడు. 2023 ఆగస్టులో ఒక్క నాలుగో రౌండ్ పిక్ తీసుకుని డాలస్ కౌబాయ్స్‌కి ఇచ్చేశారు.

మరి టీమ్ మునిగిపోయిందా? లేదు. 2022 డ్రాఫ్ట్‌లో అదే టీమ్ అందరికంటే ఆఖర్న, 262వ పిక్‌తో బ్రాక్ పర్డీ అనే కుర్రాడిని తీసుకుంది. ఆఖరి పిక్‌కి అమెరికాలో సరదాగా "మిస్టర్ ఇర్రెలెవెంట్" అని పేరు. అంటే ఎవరికీ అక్కర్లేని పెద్దమనిషి అని! ముందున్న క్వార్టర్‌బ్యాక్‌లు గాయపడితే పర్డీకి ఛాన్స్ వచ్చింది. 2024 ఫిబ్రవరిలో టీమ్‌ని సూపర్ బౌల్ దాకా తీసుకెళ్లాడు. 2025లో ఐదేళ్లకి 265 మిలియన్ డాలర్ల కాంట్రాక్ట్ కొట్టాడు.

ఇలాంటి కథలు ఇంకా ఉన్నాయి. ఏడు సూపర్ బౌల్స్ గెలిచిన టామ్ బ్రాడీ 2000 డ్రాఫ్ట్‌లో 199వ పిక్. అతని కంటే ముందు ఆరుగురు క్వార్టర్‌బ్యాక్‌లు ఎంపికయ్యారు. కర్ట్ వార్నర్‌ని అయితే 1994లో ఏ టీమూ తీసుకోలేదు. కిరాణా సూపర్‌మార్కెట్‌లో రాత్రిపూట అరల్లో సరుకులు సర్దిన మనిషి, 2000 జనవరిలో సూపర్ బౌల్ గెలిచి ఆ మ్యాచ్‌లో బెస్ట్ ప్లేయర్ అయ్యాడు.

ఎక్కువ పిక్‌లున్నవాడిదే రాజ్యమా?

ఒక్కడి మీద అన్నీ పెట్టడం ఒక పద్ధతి. ఎక్కువ అవకాశాలు దగ్గర పెట్టుకోవడం ఇంకో పద్ధతి. రెండో దానికి పెట్టింది పేరు డాలస్ కౌబాయ్స్. 1989లో ఆ టీమ్ పరిస్థితి 16 మ్యాచ్‌ల్లో ఒకటే గెలుపు. ఆ సీజన్ మధ్యలోనే తన పెద్ద స్టార్ హెర్షెల్ వాకర్‌ని మిన్నెసోటా వైకింగ్స్‌కి ఇచ్చేసి, బదులుగా ఆటగాళ్లతో పాటు బోలెడన్ని పిక్‌లు తీసుకుంది. ఆ పిక్‌లని అటూ ఇటూ మార్చి తెచ్చుకున్నవాళ్లలో ఒకడు ఎమ్మిట్ స్మిత్. బంతితో అత్యధిక గజాలు పరిగెత్తిన రికార్డ్ అతనిదే, 18,355 గజాలు. 1992, 1993, 1995 సీజన్లలో కౌబాయ్స్ సూపర్ బౌల్ గెలిచింది. ఏ పిక్ ఎంత విలువ చేస్తుందో పాయింట్లు వేసి పట్టిక తయారు చేసింది కూడా ఆ టీమే. మొదటి పిక్‌కి 3000 పాయింట్లు, రెండోదానికి 2600... ఇలా. ఫ్యాన్స్ బేరాల వాదనల్లో ఆ పట్టిక ఇప్పటికీ బయటికి వస్తుంది. అయితే 1995 సీజన్ తర్వాత కౌబాయ్స్‌కి మళ్లీ ఆ కప్ దక్కలేదు. ఫ్రిస్కోలో ఉండే మనవాళ్లని ఈ ముక్క అడిగి చూడండి, నిట్టూర్పే జవాబు!

ఈమధ్య కాలంలో 2023 బేరం గట్టిది. చికాగో బేర్స్ తన 1వ పిక్‌ని కరోలినా పాంథర్స్‌కి ఇచ్చింది. బదులుగా డీజే మూర్ అనే ఆటగాడు, ఆ ఏడాది రెండు పిక్‌లు, 2024 మొదటి రౌండ్ పిక్, 2025 రెండో రౌండ్ పిక్ తీసుకుంది. పాంథర్స్ ఆ సీజన్‌లో 17 మ్యాచ్‌లకి 2 మాత్రమే గెలిచింది. దాంతో వాళ్లు ఇచ్చేసిన 2024 పిక్ కాస్తా మళ్లీ నంబర్ 1 అయి కూర్చుంది! బేర్స్ దానితో కేలెబ్ విలియమ్స్‌ని తెచ్చుకుంది.

ఆటగాడి సంగతేంటి?

ఫ్యాన్స్ వాదనల్లో చాలాసార్లు పక్కకి పోయే ప్రశ్న ఇది. 21, 22 ఏళ్ల కుర్రాడు తను ఏ ఊళ్లో బతకాలో, ఏ కోచ్ దగ్గర పనిచేయాలో తను ఎంచుకోలేడు. అందరికంటే బాగా ఆడినవాడు అందరికంటే బలహీనమైన టీమ్‌కి వెళ్లాలి. అక్కడ అతన్ని కాపాడే లైన్‌మెన్ ఉండకపోవచ్చు, బంతి అందుకునేవాళ్లు ఉండకపోవచ్చు. రెండేళ్లు దెబ్బలు తిన్నాక "వేస్ట్ పిక్" అని ముద్ర వేసేస్తారు. దాన్ని అక్కడ "బస్ట్" అంటారు. 1983లో జాన్ ఎల్వే, 2004లో ఎలై మ్యానింగ్ తమకి నచ్చని టీమ్‌కి ఆడబోమని మొండికేసి వేరే టీమ్‌కి మారారు. అలా పట్టుబట్టగలిగినవాళ్లు చాలా తక్కువ.

2023లోనే చూడండి. 1వ పిక్ బ్రైస్ యంగ్ పాంథర్స్‌కి వెళ్లి, తర్వాతి సీజన్‌లో రెండు మ్యాచ్‌లకే బెంచ్ మీద కూర్చోవాల్సి వచ్చింది. ఆ తర్వాత మళ్లీ అవకాశం సంపాదించుకున్నాడు. 2వ పిక్ సీజే స్ట్రౌడ్ హ్యూస్టన్ టెక్సన్స్‌కి వెళ్లాడు. అంతకుముందు ఏడాది 3 మ్యాచ్‌లే గెలిచిన టెక్సన్స్ ఆ సీజన్‌లో 10 గెలిచి డివిజన్ చాంపియన్ అయింది. క్రెడిట్ మొత్తం స్ట్రౌడ్‌దేనా? కాదు. అదే ఏడాది డెమెకో రయన్స్ కొత్త కోచ్‌గా వచ్చాడు, 3వ పిక్‌గా విల్ ఆండర్సన్ డిఫెన్స్‌లోకి వచ్చాడు. ఇద్దరు కుర్రాళ్ల మధ్య తేడా ఎంతో, వాళ్లు చేరిన ఇళ్ల మధ్య తేడా కూడా అంతే.

మీ టీమ్ ఈసారి ఎలా ఉంటుంది? ఈ 5 ప్రశ్నలు వేయండి

సెప్టెంబర్‌లో సీజన్ మొదలయ్యేలోపు ఎవరైనా "ఈసారి కప్ మాదే" అంటే, ఇవి అడగండి.

1. పిక్‌లు ఎన్ని ఉన్నాయి? ఎవరిని తీసుకున్నారు అన్నది ఒక్కటే చూడొద్దు. ముందు సంవత్సరాల పిక్‌లు చేతిలో ఉన్నాయా, ఎవరికైనా ఇచ్చేశారా?

2. క్వార్టర్‌బ్యాక్ ఎవరు, ఏ జీతం మీద? మొదటి కాంట్రాక్ట్ మీద ఉన్న మంచి క్వార్టర్‌బ్యాక్ అంటే టీమ్‌కి ఖర్చు పెట్టుకునే వీలు ఎక్కువ.

3. అతన్ని కాపాడే లైన్ ఎలా ఉంది? ముందు నిలబడే ఐదుగురు బలహీనంగా ఉంటే, వెనకాల ఎవరున్నా కిందపడతాడు.

4. కోచ్ పాతవాడా, కొత్తవాడా? కోచ్ మారితే ఆట పద్ధతి మారుతుంది. అందరూ మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాలి.

5. పోయిన సీజన్ ఎలా ఓడారు? చిత్తుగా ఓడారా, చివరి నిమిషంలో కొద్ది తేడాతో ఓడారా? ముఖ్యమైనవాళ్లకి గాయాలయ్యాయా? సీజన్‌లో ఉండేది 17 మ్యాచ్‌లే. కొద్దిలో పోయినవి మూడు ఇటు తిరిగితే కథే మారిపోతుంది.

డ్రాఫ్ట్ మర్నాడే టీమ్‌లకి మార్కులు వేసే లిస్టులు వచ్చేస్తాయి. సరదాగా చదువుకోవచ్చు, తప్పులేదు. ఆ ఎంపిక మంచిదో కాదో తేలాలంటే మాత్రం మూడేళ్లు ఆగాలి.

మరి ఇన్ని అంచనాలు తప్పుతుంటే జనం ఎందుకు ఎగబడతారు? 2024లో డెట్రాయిట్‌లో మూడు రోజుల డ్రాఫ్ట్‌కి 7 లక్షల 75 వేల మందికి పైగా వచ్చారు. అక్కడ మ్యాచ్ ఏమీ జరగలేదు. స్టేజీ మీద పేర్లు చదివారు, అంతే. 2017 సీజన్‌లో 16కి 16 మ్యాచ్‌లూ ఓడిన క్లీవ్‌లాండ్ బ్రౌన్స్ ఫ్యాన్స్, ఆ ఓటమికి చలిలో ఊరేగింపు కూడా తీశారు. అయినా ఏప్రిల్ రాగానే అదే టీమ్ జెర్సీ వేసుకుని, మొదటి పిక్ ఎవరా అని మళ్లీ టీవీ ముందు కూర్చున్నారు. ఆ పిక్‌తో వచ్చిన బేకర్ మేఫీల్డ్ క్వార్టర్‌బ్యాక్‌గా ఉండగానే, 2020 సీజన్‌లో బ్రౌన్స్ ప్లేఆఫ్స్ ఆడింది. 2002 సీజన్ తర్వాత అదే మొదటిసారి.

ఓడిన ఊరికి కూడా ఏడాదికి ఒక్క రోజు ముందు వరస దక్కుతుంది. డ్రాఫ్ట్ ఇచ్చేది అదే. ఆ వంతుని ఎలా వాడుకుంటారన్నది మాత్రం టీమ్ చేతుల్లో ఉంటుంది. ఈసారి ఎడిసన్ నుంచి మీ అన్నయ్య ఫోన్ చేసి "మా జెట్స్‌కి మంచి కుర్రాడు దొరికాడ్రా" అంటే, కుర్రాడి పేరు ఒక్కటే అడిగి వదిలేయకండి. "అతని ముందు లైన్‌లో ఎవరున్నారన్నయ్యా?" అని కూడా అడగండి. అసలు చర్చ అక్కడి నుంచే మొదలవుతుంది.